జొన్న పాతరలోని గొంతు

దయ్యం అనే మాట వింటే నాకు భయం కంటే ముందు నవ్వొస్తుంది. మా నాయన మిర్యాలగూడలో వడ్ల అడితిలో కాంటా వేసేవాడు. తూకంలో తేలనిది ఏదీ లేదనే మనిషి. ఆయన పెంపకంలో పెరిగాను కాబట్టి చీకట్లో ఒంటరిగా పోవాలన్నా, చింత చెట్టు కింద పడుకోవాలన్నా నాకెప్పుడూ జంకు లేదు. తర్వాత సూర్యాపేటలో బాలవాడీ పంతులమ్మగా పనిచేసిన రోజుల్లో, పిల్లల మెడలో తాయెత్తులు కట్టి పంపే తల్లులను ఎంత కసురుకునేదాన్నో ఆ వీధిలో అడిగితే చెబుతారు.

ఇప్పుడూ నా మాట అదే. దయ్యాలు లేవు. మరి ఇది ఎందుకు రాస్తున్నావంటే, నాకు అర్థం కాని సంగతి ఒకటి నా బతుకులో ఉంది కాబట్టి.

కోదాడ దగ్గర మా అత్తగారి ఊరి కుర్రాళ్లు ఊరి చరిత్ర పుస్తకం వేస్తామని ఈమధ్య నా దగ్గరికి వచ్చారు. అప్పటి సరిహద్దు తనిఖీ నాకా ఎక్కడుండేది, మిలిటరీ లారీలు ఏ బాటన వచ్చాయి, ఊరు ఖాళీ అయినప్పుడు ఎవరు ఎటు పోయారు అని అడిగారు. గుర్తున్నంత చెప్పాను. ఇదొక్కటి చెప్పలేదు. ఊరి చరిత్రలో పట్టే సంగతి కాదనిపించింది. వాళ్లు పోయాక మాత్రం రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

నా పేరు సైదమ్మ. దర్గాకు మొక్కుకుంటే పుట్టానని ఆ పేరు పెట్టారు. మా వైపు హిందువుల ఇళ్లలో సైదులు, సైదమ్మ అనే పేర్లు ఇంటికొకటి ఉంటాయి. అయితే పెళ్లయి అత్తగారింటికి వచ్చాక ఆ పేరుతో నాకు పెద్దగా పని లేకుండా పోయింది. అత్త "పిల్లా" అనేది. మా ఆయన "ఏమే" అనేవాడు, లేకపోతే "ఇగో" అనేవాడు. ఆ ఇంట్లో మగవాళ్లు పెళ్లాల పేర్లు నోట పలికేవాళ్లు కాదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ల నమ్మకం. పెళ్లాం మొగుడి పేరు చెప్పడం అసలే లేదు. నేను ఈనాటికీ ఆయన పేరు చెప్పను, ఇక్కడా రాయను. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

నా కాపురం మొదలైన కొన్నాళ్లకే ఆ గడబిడల కాలం వచ్చింది. పగలు సర్కారు మనుషులు, రాత్రి దళాలవాళ్లు ఊరి మీద పడేవాళ్లు. చివరికి ఊరంతా మూటలు కట్టుకొని సరిహద్దు దాటి జగ్గయ్యపేట వైపు వెళ్లిపోయింది. మాకు గొర్రెల మంద ఉండేది, కొద్దిగా జొన్న చేను ఉండేది. మందను తోలుకుపోయాం. జొన్నలు మోసుకుపోలేం గదా, వాటిని పాతరలో పోసి పోయాం.

ఈ కాలం వాళ్లకు పాతర అంటే తెలియకపోవచ్చు. వాకిట్లో గట్టి నేల చూసి, బావిలా లోతుగా తవ్వుతారు. అడుగున వెడల్పు, పైన మాత్రం మనిషి పట్టేంత మూతి. లోపలంతా గడ్డి పరిచి జొన్నలు పోసి, మూతి మీద బండ వేసి మట్టితో మెత్తుతారు. మా బావ, అంటే మా ఆయన అన్న, ఆ బండ మీద పెంట పోసి, కంప వేసి, అక్కడ పాతర ఉందని ఎవరికీ తెలియకుండా చేశాడు.

మిలిటరీ వచ్చి గొడవ సద్దుమణిగాక తిరిగి వచ్చాం. ఇంటికి తలుపులు లేవు. మంద అక్కడి కరువులో సగం చచ్చింది, సగం అమ్ముడుపోయింది. పాతర మీది పెంట మాత్రం పోసినట్టే ఉంది. ఇంట్లో తినేవాళ్లం ఆయన, నేను, బావ, అత్త. బావ భార్య అంతకు ముందే జ్వరంతో పోయింది. తినడానికి తుమ్మి కూర తప్ప మరేమీ లేదు. ఆ పాతరే మా ప్రాణం.

పాతర తీయడానికి ఒక పద్ధతి ఉంది. ఎన్నాళ్లో మూసి ఉన్న గుంతలో గాలి చెడిపోతుంది. అందుకని బండ తీసి ఒక రోజంతా వదిలేస్తారు. ఆ తర్వాత దీపం దించి చూస్తారు. దీపం ఆరితే మనిషి దిగకూడదు. దిగినవాడి నడుముకు తాడు కడతారు. మూతి దగ్గర ఒకరు కూర్చొని "ఉన్నవా" అని పిలుస్తూనే ఉండాలి, లోపలివాడు "ఉన్న" అని పలుకుతూనే ఉండాలి. పలుకు ఆగిందంటే ఇక ఏమీ ఆలోచించకుండా తాడు లాగేయాలి. మా అత్త చిన్నతనంలో వాళ్ల ఊళ్లో పలుకు ఆగినా జొన్నల ఆశతో ఆలస్యం చేసి ఒకణ్ణి పోగొట్టుకున్నారట.

మేం పొద్దున బండ తీశాం. రేపటి దాకా ఆగుదామనుకున్నాం. మధ్యాహ్నానికి మేళ్లచెరువు వైపు నుంచి నల్లగా మబ్బు లేచింది. వాన నీళ్లు పాతరలోకి దిగితే గింజంతా మురిగిపోతుంది. మళ్లీ మూద్దామంటే పొయ్యి మీదికి గింజ లేదు. బావ దీపం దించాడు. మూతి దాటగానే ఆరిపోయింది. గాలి అప్పటికే జోరుగా వీస్తోంది.

"గాలికి ఆరింది తియ్," అన్నాడు బావ. "మబ్బు సూడు. ఇంక ఆగితే గింజ దక్కదు."

మా ఆయన నడుముకు తాడు కట్టుకున్నాడు. దిగే ముందు నా వైపు చూసి, "ఏమే, ఇయ్యాల జొన్న గటక పలుసగ కాయకు. తాగుడు గాదు, తినాలె," అన్నాడు. అందరం నవ్వాం. ఎన్నాళ్ల తర్వాతో ఆ వాకిట్లో మనుషుల నవ్వు వినిపించింది.

మొదట అత్త కూర్చుంది మూతి దగ్గర. "ఉన్నవా కొడుకా?" అంటే "ఉన్ననే అవ్వా," అని లోపలి నుంచి వచ్చింది. బావ రెండో తాడుకు గంప కట్టి దించాడు. కాసేపటికి తాడు కదిలింది. లాగితే గంప నిండుగా జొన్నలు. కొంచెం పులిసిన వాసన ఉన్నా గింజ బాగుంది. అత్త రెండు చేతులతో తీసుకొని కళ్లకు అద్దుకుంది. పొయ్యి వెలిగిస్తానని లోపలికి పోతూ నన్ను మూతి దగ్గర కూర్చోబెట్టింది.

నేను పిలవడం మొదలుపెట్టాను. "ఇగో, ఉన్నవా?" అంటే "ఉన్న," అని వచ్చేది. గంప దిగేది, నిండి వచ్చేది. బావ చాప మీద గుమ్మరించి మళ్లీ దించేవాడు. చాప మీద కుప్ప పెరుగుతుంటే నాకు కడుపు నిండినట్టే ఉంది.

ఒక సంగతి మాత్రం నాకు కొత్తగా తోచింది. గంపలు చదునుగా, పై పొర అరచేత్తో నిమిరినట్టుగా వస్తున్నాయి. మా ఆయనది అంత ఓపిక గల చెయ్యి కాదు. గడ్డి మోపు కట్టినా సగం దారిలోనే రాలిపోయేది. చీకట్లో జాగ్రత్తగా నింపుతున్నాడు కాబోలు అనుకున్నాను.

ఆ తర్వాత, నేను ఇంకా పిలవకముందే లోపలి నుంచి "ఉన్న" అని వినిపించింది.

తొందరపడ్డాడేమో అనుకున్నాను. మళ్లీ పిలుద్దామని నోరు తెరిచాను, మాట బయటికి రాకముందే "ఉన్న" అని వచ్చింది. గొంతు ఆయనదే. అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ గొంతు అడుగు నుంచి వస్తున్నట్టు లేదు. మూతికి చేతికందేంత దూరంలో, బండ అంచు కిందనే ఉన్నట్టు వినిపించింది.

అప్పుడు ఆ గొంతు మెల్లగా అంది. "సైదమ్మా. జర వంగి సూడు."

నేను వంగలేదు. ఎందుకు వంగలేదో చెప్పమంటే ఒక్కటే చెప్పగలను. ఆ ఇంట్లో అడుగుపెట్టాక నా పేరు ఆ గొంతులో నేను వినడం అదే మొదటిసారి. దేవుడి ముందు కూర్చున్నప్పుడు చెప్పలేదు, నాకు జ్వరమొచ్చి ఒళ్లు తెలియకుండా పడి ఉన్నప్పుడు కూడా చెప్పలేదు. ఆకలిగా ఉన్నా, కోపం వచ్చినా, ముద్దొచ్చినా నేను ఆయనకు "ఏమే"నే.

"బావా, తాడు గుంజు," అన్నాను.

బావకు అర్థం కాలేదు. "పలుకుతుండు గదా. ఇంకో రెండు గంపలు తియ్యనీ."

"పలికేటోడు ఆయన గాదు. ఆయన నన్ను పేరు వెట్టి పిలువడు."

ఊరంతటిలో ఈ మాట చటుక్కున అర్థం చేసుకోగలవాడు బావే. పోయిన తన భార్య పేరు ఆమె చితి దగ్గర కూడా పలకని మనిషి ఆయన. గంప తాడు వదిలేసి నడుము తాడు పట్టుకున్నాడు. నేనూ పట్టుకున్నాను. లాగుతుంటే నిండు బస్తా వచ్చినంత బరువుగా వచ్చింది. తాడు పట్టినవాడు కాళ్లతో తన్నుకుంటూ, గోడ పట్టుకుంటూ వస్తే ఆ బరువు వేరుగా ఉంటుంది. ఇది వేలాడుతున్న బరువు.

మూతిలోంచి మొదట ఆయన తల వచ్చింది, వెనక్కి వాలిపోయి ఉంది. పెదవులు నేరేడు పండ్ల రంగులో ఉన్నాయి. ఇద్దరం చంకల్లో చేతులు వేసి బయటికి లాగి పడుకోబెట్టాం. ఊపిరి ఉందో లేదో తెలియలేదు. బావ రొమ్ము మీద రుద్దాడు, ముఖం మీద నీళ్లు కొట్టాడు. నేను ఏడవడం కూడా మర్చిపోయి ఆయన పాదాలు రుద్దుతున్నాను. చివరికి గొంతులో ఒక గురక వచ్చింది. బతికి ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే పాతరలోంచి "అవ్వా" అన్న పిలుపు వచ్చింది.

మా కేకలు విని అత్త ఇంట్లోంచి వస్తోంది. ఆమె గుమ్మం దాటేసరికి మేమిద్దరం మా ఆయన మీద వంగి ఉన్నాం, ఆమెకు ఆయన కనిపించి ఉండడు. పిలుపు మాత్రం విన్నది. తిన్నగా పాతర దగ్గరికి పోయింది.

"అవ్వా, నేను గీడనే ఉన్న. తాడెయ్యిండ్రి. ఊపిరాడుత లేదే."

నేను ఈ చెవులతో విన్నాను. బావ విన్నాడు. అత్త గంప తాడు అందుకొని లోపలికి జార్చబోయింది. బావ ఒక్క దూకు దూకి ఆమె నడుము పట్టుకున్నాడు.

"నీ కొడుకు గీడ ఉన్నడే. ఇటు సూడు," అన్నాడు.

అత్త చూసింది. నేల మీద కళ్లు మూసుకొని పడి ఉన్న కొడుకును చూసింది. మళ్లీ పాతర మూతి వైపు చూసింది. ఆ రెండు చూపుల మధ్య ఆమె ముఖంలో కనిపించింది నేను ఎవరికీ చెప్పలేను. లోపల గొంతు ఏడుస్తోంది. ముల్లు గుచ్చుకున్నప్పుడు, మేకపిల్ల చచ్చినప్పుడు మా ఆయన ఎట్లా ఏడుస్తాడో అట్లాగే, ముక్కు ఎగబీల్చుకుంటూ.

"వానికి ఊపిరాడుత లేదంటుండురా," అంది అత్త. "ఒక్కసారి తాడెయ్యనీ. ఎవరో సూద్దాం."

బావ ఆమెను పక్కకు నెట్టి బండ జరపడం మొదలుపెట్టాడు. ఒక్కడి వల్ల కాలేదు, "రా," అని నన్ను పిలిచాడు. నేను పోయి భుజం ఆనించాను. బండ మూతి మీదికి జరుగుతుంటే లోపలి గొంతు ఇంకోసారి "సైదమ్మా" అంది. వేడుకోవడమే, బెదిరింపు లేదు. బండ పూర్తిగా పడ్డాక ఇంక ఏమీ వినిపించలేదు. బావ దాని మీద మట్టి వేశాడు, పెంట వేశాడు, దొరికిన రాయల్లా తెచ్చి వేశాడు. అంతలో వాన మొదలైంది.

మా ఆయనను బండిలో కోదాడ దాకా, అక్కడి నుంచి లారీలో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు మంచివాడు. చెడు గాలి తగిలింది, ఇలాంటి గుంతల్లో దిగిన మనిషి కొన్ని ఊపిర్లలోనే పడిపోతాడు అన్నాడు. ఎంతసేపు లోపల ఉన్నాడని అడిగితే, ఇన్ని గంపలు తీసేంత సేపని బావ చెప్పాడు. డాక్టరు నమ్మలేదు. అంతసేపు ఆ గాలిలో పడి ఉన్న మనిషి బతకడు, మీరు భయంలో పొరబడ్డారు అన్నాడు. గొంతు సంగతి మేం ఆయనకు చెప్పనే లేదు.

మా ఆయనకు పూర్తిగా తెలివి వచ్చాక అడిగాను. ఆయన చెప్పింది ఇంతే.

"కాళ్లు జొన్నలకు తాకినయ్. పులుసు వాసన వచ్చింది. ఎవరో నా చేతుల గంప తీసుకున్నట్టయింది. ఇగ అంతే, నాకేం ఎరుక లేదు."

అత్త మొదటిసారి "ఉన్నవా కొడుకా" అన్నప్పుడు నువ్వు పలకలేదా అని అడిగాను. ఆమె పిలిచినట్టే తెలియదన్నాడు.

ఆ జొన్నలు ఏం చేశారని మీరు అడుగుతారు. తిన్నాం. ఇంకేం చేస్తాం? చాప మీద వానకు తడుస్తున్న గింజను పక్కింటివాళ్లు ఎత్తి లోపల పోశారు. దవాఖాన నుంచి వచ్చిన రోజు అత్త గట్టిగా గటక వండింది. మొదటి ముద్ద మింగడానికి నా ప్రాణం పోయినంత పనైంది. రెండో ముద్దకు ఆకలి గెలిచింది.

తర్వాత వచ్చిన ఎండాకాలంలో బావ, ఊళ్లో మరికొందరు కలిసి ఆ పాతర తెరిచారు. ఈసారి రోజుల తరబడి వదిలేసి, దీపం నిలకడగా వెలిగాకే దిగారు. నల్లబడిన జొన్నలు తప్ప ఏమీ లేవు. మనిషి జాడ గానీ, ఎముక గానీ, గోడకు బొక్క గానీ లేదు. ఏదన్నా ఉంటే బాగుండేది. గుంతను మట్టితో పూడ్చేశారు.

ఏమీ లేదని అత్త కూడా కళ్లారా చూసింది. అయినా పొద్దున గటక దించగానే ముందుగా ఒక ముద్ద తీసుకుపోయి ఆ పూడ్చిన చోట పెట్టి వచ్చేది. ఎవరికని మేం అడగలేదు. కొడుకుతో బాగానే మాట్లాడేది, బాగానే చూసుకునేది. ఒక్కోసారి మాత్రం ఆయన అన్నం తింటుంటే చెయ్యి ఆపి అట్లాగే చూస్తూ ఉండిపోయేది. ఆ చూపు ఏమిటో నాకు తెలుసు. తెలియనట్టే ఉండేదాన్ని.

ఎందుకంటే ఆ చూపు నాక్కూడా అంటుకుంది.

మేం సూర్యాపేటకు మారాం. ఆయన పాల వ్యాపారం చేశాడు, నేను పిల్లలకు అక్షరాలు నేర్పాను. మాకు ముగ్గురు బిడ్డలు పుట్టారు. ఆయన చెయ్యెత్తి నన్ను ఎప్పుడూ కొట్టలేదు. పాలు పిండితే నేల మీద ఒలకబోసే అలవాటు మారలేదు, ఏడిస్తే ముక్కు ఎగబీల్చే అలవాటూ మారలేదు. ఆయన కాదని అనుకోవడానికి ఒక్క కారణం కూడా నాకు దొరకలేదు. ఇంత చెబుతున్నాను కదా, అయినా పొద్దుగూకే వేళ నేను పొయ్యి ముందు కూర్చుంటే ఆయన చప్పుడు లేకుండా వెనక వచ్చి నిలబడితే ఉలిక్కిపడి పక్కకు జరిగేదాన్ని. అంతసేపు ఆ గాలిలో మనిషి బతకడని డాక్టరు అన్న మాట గుర్తొచ్చేది. మేం పైకి లాగింది ఎవరిని? బండ వేసింది ఎవరి మీద?

వెంటనే నన్ను నేను తిట్టుకునేదాన్ని. పిల్లలకు దయ్యాలు లేవని చెప్పే నోటితో ఇదేం మాట అని. పేరు పెట్టి పిలిచింది లోపలి గొంతు, కాబట్టి లోపలిది ఆయన కాదు. నాయన కాంటా ముల్లంత తిన్నగా ఉంది ఈ లెక్క. కానీ ఊపిరాడక చచ్చిపోతున్నవాడు ఆయుష్షు సంగతి ఆలోచిస్తాడా? దగ్గర ఉన్న మనిషిని పేరు పెట్టి పిలవడా? ఈ ప్రశ్న నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. తట్టకపోతే ఎంత బాగుండేదో.

ఆయన పోయి చాలా కాలమైంది. జబ్బుతో, మంచంలో, పిల్లల మధ్య నెమ్మదిగా పోయాడు. నేను తల బాదుకొని ఏడ్చాను. ఇన్నేళ్లు కలిసి బతికిన మనిషి కోసం ఏ ఆడదైనా అట్లాగే ఏడుస్తుంది. అయితే ఆ రోజు నేను ఏడ్చింది మంచం మీది మనిషి కోసమా, తాడు వేయమని అడుగుతుంటే నేను భుజం ఆనించి బండ కప్పినవాడి కోసమా, నాకు ఈనాటికీ తెలియదు.